ఎడారి నుంచి వచ్చే డబ్బు దేశానికి ఏం చేస్తుంది?



నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్‌లో చేరిన 2013లోనే మా బాపు దుబాయి పోయాడు. ఆదివారం ఫోన్ కోసం వరుసలో నిలబడ్డవాళ్లలో చాలామందిమి "అక్కడ ఎండలు ఎట్లున్నయ్ బాపూ?" అని అడిగేవాళ్లమే. ఎం.ఎ. అర్థశాస్త్రంలో విదేశీ చెల్లింపుల పాఠం చదువుతుంటే నాకు ఆ వరుసే గుర్తొచ్చింది. పుస్తకంలో 'రెమిటెన్సులు' అని ఉన్నది, మా ఇంట్లో 'బాపు పైసలు' అనుకున్నది ఒకటేనని అప్పుడు తెలిసింది.

మన దేశం బయటికి అమ్మే సరుకు కంటే బయట కొనే సరుకు ఎక్కువ. అన్నిటికంటే పెద్ద ఖర్చు ముడి చమురుది. దాన్ని కొనడానికి ఎక్కువగా డాలర్లే కావాలి. 2023-24లో సరుకుల వ్యాపారంలో లోటు సుమారు 24,000 కోట్ల డాలర్లు. అదే ఏడాది విదేశాల్లోని మనవాళ్లు పంపిన సొమ్ము 11,800 కోట్ల డాలర్లు దాటింది. అంటే లోటులో దాదాపు సగం పూడింది. విదేశీ కంపెనీలు ఆ ఏడాది మన దగ్గర పెట్టిన పెట్టుబడి కంటే కూడా ఇది ఎక్కువే. కంపెనీ వాళ్లు వస్తే పూలదండలు వేస్తారు. శంషాబాద్ విమానాశ్రయంలో అట్టపెట్టెకు తాడు కట్టుకుని దిగే మనిషికి దండ వేసినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఆ డబ్బు రావడం ఆగితే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడి మనవాళ్లు కట్టుబట్టలతో జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి సుమారు 1,70,000 మందిని విమానాల్లో తెచ్చారు. వాళ్లు పంపే డబ్బు ఆగింది, చమురు ధర పెరిగింది, ప్రవాసులు మన బ్యాంకుల్లో దాచుకున్న డిపాజిట్లు వెనక్కి తీసుకోసాగారు. అప్పటికే అప్పుల్లో ఉన్న ఖజానాకు ఇది గట్టి దెబ్బ. 1991 నడుమకల్లా రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. జులైలో సుమారు 47 టన్నుల బంగారం ఇంగ్లండుకు పంపి కుదువ పెట్టాల్సి వచ్చింది. మన ఊళ్లో అమ్మ పుస్తెలతాడు సేటు దగ్గర పెట్టినట్టే.

విదేశాంగ విధానం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను ఆలింగనం చేసుకున్నారని విమర్శలు వచ్చాయి. నాకైతే ఆయన్ను తప్పుపట్టబుద్ధి కాదు. లక్షల మంది మనవాళ్లు అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు మాట గట్టిగా రాదు. ఇప్పుడు గల్ఫ్‌లో సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వాళ్లకు మన చెమట కావాలి, మనకు వాళ్ల చమురు, జీతాలు కావాలి. 2015లో ప్రధాని ఎమిరేట్స్ వెళ్లారు. 1981 తర్వాత మన ప్రధాని అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. 2022లో ఆ దేశంతో సమగ్ర వ్యాపార ఒప్పందం అమల్లోకి వచ్చింది.

అయితే ఈ స్నేహం బరువు కూలీ మీద కూడా పడుతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని బాగా తగ్గించింది. వేరే దేశాల కూలీలు తక్కువకు దొరికితే మనవాళ్ల ఉద్యోగాలు పోతాయని కారణం చెప్పారు. కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జులైలో పాత వేతనాలే పునరుద్ధరించారు.

ఇక మా ఇంటి లెక్క. దిర్హం విలువ డాలర్‌కు కట్టి ఉంటుంది, 3.67 దిర్హంలకు ఒక డాలర్. 2013 మొదట్లో డాలర్ 54 రూపాయల దగ్గర ఉంటే ఆగస్టు చివర 68 దాటింది. రూపాయి పడిపోతోందని క్లాసులో సార్ బాధపడుతుంటే, మా అమ్మ మాత్రం ఈ నెల ఎక్కువ వచ్చిందని సంతోషపడింది. బాపు జీతం 800 దిర్హంలే. ఏజెంటు చెప్పింది 1,200. వీసాకు తెచ్చిన 80,000 అప్పుకు నూటికి మూడు రూపాయల మిత్తి, అంటే నెలకు 2,400. రూపాయి పడిన లాభంలో చాలావరకు మిత్తికే పోయింది.

బాపు నాలుగో తరగతి వరకే చదివాడు. పది పాసు కానివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఒప్పందం చూసి, బీమా చేయించాకే పంపుతారు. ఆ ఏజెంటు అదంతా తప్పించి విజిట్ వీసా మీద పంపాడు. జీతం తగ్గించారని అడగడానికి చేతిలో కాగితమే లేదు. 2020లో కరోనాకు పని ఆగింది. మూడు నెలల జీతం అక్కడే వదిలి, టికెట్ డబ్బులు తానే పెట్టుకుని వచ్చాడు.

తమ్ముళ్లూ, పది పాసైన పాస్‌పోర్టుకు ఆ అనుమతి అక్కర్లేదు. సంతోషమే. కానీ అనుమతితో పాటు ఆ తనిఖీ, తప్పనిసరి బీమా కూడా పోతాయని ఎవరూ చెప్పరు. అందుకని మన హాస్టల్ నుంచి ఎవరైనా పోయేది ఉంటే, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. అతను తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ, అంతే. రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రవాసీ బీమా ఉంది. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టి పోండి.