ఎత్తుకు గడువు

వైకుంఠపాళిలో ఆలోచనకు తావు లేదు. గవ్వలు చెప్పిన గడికి పావు నడచును. నిచ్చెన దొరికిన పైకి, పాము కరచిన క్రిందికి. చదరంగము, పులిజూదము అట్టివి కావు. అక్కడ ఎత్తునకు ఆలోచన కావలెను. ఆలోచనకు కాలము కావలెను. ఆ కాలము ఎవరి సొత్తు? ఆలోచించువానిదా, ఎదుట చేతులు కట్టుకొని కూర్చున్నవానిదా?

ఈ తగవు క్రొత్తది కాదు. 1851లో లండను నగరమున మొట్టమొదటి అంతర్జాతీయ చదరంగపు పోటీ జరిగినది. ఎత్తు వేయుటకు గడువేదియు లేదు. ఎలిజా విలియమ్సు అను ఆటగాడు జాప్యమునకు పేరుపడినవాడు. పోటీకి పూనుకొని నడపిన హోవార్డు స్టాంటను, మూడవ స్థానమునకై అతనితో ఆడి ఓడిపోయి, ఆ జాప్యమును తీవ్రముగా ఆక్షేపించెను. గెలిపించినది విలియమ్సు తెలివియా, స్టాంటను అలసటయా? నియమమే లేనిచోట తీర్పెట్లు దొరకును?

పదేండ్లకు, 1861లో, ఆండర్సెను, కోలిషులు ఆడినపుడు బల్లమీదికి ఇసుక గడియారములు వచ్చినవి. రెండు గంటలలో ఇరువదినాలుగు ఎత్తులు వేయవలెనని కట్టడి. 1883 నాటి లండను పోటీలో మాంచెస్టరు వాసి థామసు బ్రైటు విల్సను కల్పించిన జంట గడియారమును వాడిరి. ఒకటి నడచుచుండగా రెండవది నిలిచిపోవును. ఎవరి ఆలోచన వారి లెక్కలోనే పడును. తరువాతి కాలమున బాబీ ఫిషరు మరియొక మెట్టెక్కించెను. ఎత్తు వేసిన ప్రతిసారి కొన్ని సెకనులు కలిసివచ్చు గడియారమునకు ఆయన 1989లో పేటెంటు పొందెను. తెలుగుబిడ్డ కోనేరు హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ మహిళల ర్యాపిడు విజేతగా నిలిచినది ఈ పద్ధతి ఆటలోనే. ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు. ఎత్తుకు పది సెకనులు అదనము.

ఇంటివసారాలో ఆదివారపు సాయంకాలము ఆడుకొను నలుగురికి ఇంత కట్టడి అవసరమా? అవసరము లేదనువారు ఒక్క సంగతి గమనింపవలెను. ఒకరు అరగంట ఆలోచించిన, తక్కిన మువ్వురు ఆవులింతురు; విసుగు మాటలు వినవచ్చును; మరుసటి వారము ఆ నిదానస్థుడు రాడు. ఆట మిగులును, స్నేహితుడు మిగులడు.

అట్లని ప్రతి వంతునకు ఒకే గడువు విధించుటయు న్యాయము కాదు. తేలిక ఎత్తునకు అర నిమిషము ఎక్కువ; చిక్కుముడికి అయిదు నిమిషములు తక్కువ. అందుచేత ఆటకంతటికి తలకొక మొత్తము ఇచ్చుట మేలు. ఎక్కడ పొదుపు చేయవలెనో, ఎక్కడ వెచ్చింపవలెనో ఆటగాడే నిర్ణయించుకొనును. ఆ నియమము ఆట మొదలు కాకముందే అందరికి సమానముగా ఏర్పడవలెను. నడుమ ఒక్కనివైపు గడియారము త్రిప్పినచో అది నియమము కాదు, అవమానము. సరదా ఆటలో గడువు మీరినవానిని ఓడిపోయినట్లు లెక్కింప నక్కరలేదు. వెంటనే ఎత్తు వేయుమనిన చాలును.

ఇక ఆట నేర్చుకొను పిల్లవాని ముందు గడియారమే వలదు. పావుల నడక తెలియకముందే సెకనుల నడక చూపినచో వాడు ఆలోచించుట మాని, తొందరపడుట నేర్చును. తరగతిలో ప్రశ్న వేసి, మొదట లేచిన చేతినే చూచు ఉపాధ్యాయునికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వెనుక బల్లమీది బాలుడు అప్పటికి ఇంకను ఆలోచించుచునే యుండును.