మోటారు బండిలో నిప్పురవ్వ

మీ యింట రేడియో ముందు కూర్చుండి మధ్యతరంగములలో పాట వినుచున్నప్పుడు, వీధిలో పాత మోటారు సైకిలొకటి పోయినంతనే పాట నడుమ పటపటమను చప్పుడు చొరబడుట మీరు గమనించియే యుందురు. రేడియో చెడిపోయినదేమోయని కొందరు దాని వీపు చరచుదురు. దోషము రేడియోది కాదు. వీధిన పోయిన యింజనులో సెకండునకు పలుమారులు విద్యుత్తు నిప్పురవ్వయై దూకుచున్నది. అట్టి ప్రతి రవ్వయు నొక చిన్న ప్రసార కేంద్రమే. 1887, 1888 సంవత్సరములలో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ మొట్టమొదట రేడియో తరంగములను పుట్టించినదియు ఇట్టి రవ్వలతోడనే. కనుక రేడియోకును మోటారుకును చుట్టరికము తాతలనాటిది. నేటి ప్రసంగము ఆ రవ్వను గూర్చియే.

పెట్రోలు ఇంజనులో జరుగు పని నాలుగు మాటలలో చెప్పవచ్చును. గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును సిలిండరు లోనికి పీల్చును. పిస్టను దానిని అదిమి పట్టును. స్పార్కు ప్లగ్గు కొనయందు రవ్వ పుట్టి మిశ్రమమును మండించును. ఆ మంట పిస్టనును క్రిందికి నెట్టును. 1860లో లెన్వార్ అను ఇంజనీరు తన గ్యాసు ఇంజనులో విద్యుత్ రవ్వను వాడెను. 1876లో ఆటో అను జర్మనీ దేశస్థుడు నాలుగు అడుగుల ఇంజనును రూపొందించెను. 1902లో బాష్ కర్మాగారమున హోనోల్డ్ అను ఇంజనీరు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధము చేసిన పిదప మోటారు బండి నమ్మదగిన వాహనమైనది. బ్యాటరీ ఇచ్చునది 12 వోల్టులే. కాయిలు దానిని పది వేలు మొదలు పాతిక వేల వోల్టుల వరకు పెంచి ప్లగ్గునకు పంపును.

రవ్వ పుట్టుట యొక యెత్తు; సరియైన క్షణమున పుట్టుట మరియొక యెత్తు. మిశ్రమము రెప్పపాటులో మండిపోవునని మన మనుకొందుము. కాని ఇంజను దృష్టిలో అది చాల దీర్ఘకాలము. మంట సిలిండరంతయు వ్యాపించుటకు సెకండులో వెయ్యవ భాగములు సుమారు రెండు పట్టుననుకొందము. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో ఆ వ్యవధిలోనే క్రాంకు 36 డిగ్రీలు తిరిగిపోవును. అందువలన పిస్టను పైకొనకు చేరిన పిమ్మట రవ్వ పుట్టించినచో పొద్దు గడచిన తరువాత వంట మొదలుపెట్టినట్లే. అది పైకి చేరక మునుపే రవ్వ పుట్టవలెను. దీనినే మేస్త్రీలు టైమింగు అందురు. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు కొలది డిగ్రీల ముందు, వేగముగా తిరుగునప్పుడు ముప్పది డిగ్రీలకు పైబడి ముందు రవ్వ పుట్టుట సామాన్యము.

ఆలస్యమైనచో శక్తి తగ్గును, ఇంజను వేడెక్కును, పెట్రోలు వృథా యగును. మరీ ముందుగా పుట్టినచో అంతకంటె పెద్ద ముప్పు. పైకి వచ్చుచున్న పిస్టనుకు మంట ఎదురు తిరుగును. ఇంకను మండని మిశ్రమము ఒక మూల నొత్తిడికి చిక్కి, వేడెక్కి, రవ్వతో పనిలేకయే ఒక్కసారిగా భగ్గుమనును. అప్పుడు ఇనుపకడ్డీతో కొట్టినట్లు టకటకమను శబ్దము వినవచ్చును. దీనికే నాకింగు అని పేరు.

కడపనుండి రాయచోటికి పోవు త్రోవలో గువ్వలచెరువు ఘాటు కలదు. గువ్వలచెరువులో పాలకోవా కొనుటకు ఆగని ప్రయాణికుడు అరుదు. మే నెల మధ్యాహ్నమున పాత అంబాసిడరు కారులో కుటుంబమంతయు కూర్చుండి, పైన సామానులు కట్టుకొని ఆ ఘాటు ఎక్కునప్పుడు ఈ టకటక చప్పుడు వినిపించుటకు ఎక్కువ అవకాశము. బరువు ఎక్కువ, వేగము తక్కువ, లోనికి పోవు గాలి వేడి. ఇంకొక కారణము కూడ కలదు. తేమగల గాలి మంటను కొంత చల్లార్చును. మన రాయలసీమ వేసవి గాలిలో ఆ తేమయు లేదు. ఎండయు, పొడియు రెండును నాకింగునకే తోడ్పడును. అప్పుడు ఆక్సిలరేటరును ఇంకను అదిమిపట్టుట తప్పు. కాలు కొంచెము తీసి, క్రింది గేరునకు మార్చుటయే మందు. నేటి కొత్త కార్లలో నాకింగును కనిపెట్టు పరికరమును, దానిని విని టైమింగును తనంతట తానే వెనుకకు జరుపు కంప్యూటరును ఉండును. పాత బండ్లకు డ్రైవరు చెవియే ఆ పరికరము.

ఇక ప్లగ్గు సంగతి. దాని కొన వేడి సుమారు 450 సెంటిగ్రేడు డిగ్రీలకు తక్కువైనచో మసి పేరుకొనును. సుమారు 850 డిగ్రీలు దాటినచో అదియే నిప్పుకణికయై రవ్వకు ముందే మిశ్రమమును మండించును. కనుకనే ఉష్ణ ప్లగ్గులనియు, శీతల ప్లగ్గులనియు రెండు తరగతులు. పింగాణి ముక్కు పొడవుగా నున్నది ఉష్ణ ప్లగ్గు; దాని వేడి నెమ్మదిగా బయటికి పోవును. ముక్కు పొట్టిగా నున్నది శీతల ప్లగ్గు. దాని వేడి త్వరగా పోవును. ప్లగ్గును విప్పి చూచిన మేస్త్రీ, వైద్యుడు నాలుకను చూచినట్లు ఇంజను ఆరోగ్యమును చెప్పగలడు. లేత గోధుమవన్నె ఆరోగ్యచిహ్నము. పొడి మసి పెట్రోలు ఎక్కువైనదనుటకును, నూనె జిడ్డు సిలిండరు లోనికి ఆయిలు దిగుచున్నదనుటకును గుర్తు. తెల్లబారి బొబ్బలెక్కిన పింగాణి అతి వేడికి సాక్ష్యము. దానిపై మెరయు చిన్న చిన్న చుక్కలు కనబడినచో జాగ్రత్తపడవలెను. అవి కరగిన పిస్టను తునుకలు.

ఇంత చెప్పుటకు ఒక కారణము కలదు. సినిమాలలోను, అంతర్జాలములోను చూచి, కారు వెనుక నొక సీసా అమర్చి మీట నొక్కినంతనే బండి బాణమువలె దూసుకొనిపోవునని యువకులు కొందరు ముచ్చటపడుచున్నారు. ఆ సీసాలోనిది నైట్రస్ ఆక్సైడు. 1772లో ప్రీస్ట్‌లీ కనుగొన్న వాయువే. పండ్లు తీయునప్పుడు నొప్పి తెలియకుండుటకు వైద్యులు వాడిన నవ్వించు వాయువే. రెండవ ప్రపంచ యుద్ధములో జర్మను విమానములు గాలి పలుచనైన యెత్తులలో శక్తికై దీనిని వాడినవి. ఇది తానై మండునది కాదు. గాలిలో బరువునుబట్టి నూటికి 23 పాళ్లు ఆమ్లజని యుండగా, దీనిలో 36 పాళ్లుండును. సిలిండరులోని వేడికి ఇది విడిపోయి ఆ ఆమ్లజనిని విడుదల చేయును. అప్పుడు ఎక్కువ పెట్రోలును మండించి ఎక్కువ శక్తిని పొందవచ్చును.

కాని దాని వెంట రవ్వ లెక్క యంతయు మారవలెను. ఈ మిశ్రమము త్వరితముగా మండును గనుక టైమింగును వెనుకకు జరుపవలెను. అదనముగా వచ్చు ప్రతి 50 అశ్వశక్తులకు సుమారు 2 డిగ్రీలని పందెపు మేస్త్రీల వాడుక. వేడి పెరుగును గనుక ఒక తరగతి శీతలమైన ప్లగ్గు వేయవలెను. పీడనము పెరిగినకొలది రవ్వ దూకుట కష్టమగును గనుక ప్లగ్గు కొనల నడుమ ఎడమును తగ్గింపవలెను. అదనపు పెట్రోలు ఏమాత్రము కొరవడినను పిస్టను కరగుటకు కొన్ని సెకండులు చాలును. ఇన్నింటిలో ఏ యొక్కటి తప్పినను కొత్త ఇంజను పాత ఇనుమగును.

మన ప్రాంతమునకు సంబంధించిన ముఖ్యమైన మాట యొకటి కలదు. నైట్రస్ ఆక్సైడును సీసాలో ద్రవముగా నింపుదురు. దాని సంధి ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు. ఆ వేడి దాటినచో ఎంత అదిమినను అది ద్రవముగా నిలువదు. అప్పటికే సీసాలోని పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 72 రెట్లుండును. వేడి పెరిగినకొలది ఇంకను హెచ్చును. మన వేసవిలో నీడపట్టుననే 40 డిగ్రీలు దాటు దినములు తక్కువ కావు. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు లోపల ఎంత వేడియుండునో వేరుగ చెప్పనక్కరలేదు. చలిదేశమున ఎవరో సరిచూచిన పెట్రోలు కొలత రాయచోటి ఎండలో సరిపడదు. సీసా పీడనము మారినచో ఇంజను లోనికి పోవు వాయువు పరిమాణమును మారును.

చట్టము కూడ దీనికి అనుకూలము కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసిన వారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు కారాగారమో, ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఇట్టి ప్రయోగములకు తావు పందెపు మైదానము. బస్సులు, లారీలు, నడిచిపోవు పిల్లలు నున్న రోడ్డు కాదు.

శక్తి కావలెనను కోరిక తప్పు కాదు. మీ యబ్బాయి కారు వేగమును గూర్చి అడిగినచో కసరి పంపకుడు. ప్లగ్గు విప్పించి దాని రంగు చూపుడు. ఎడమును కొలగేజీతో కొలిపింపుడు. గాలి ఫిల్టరులో చేరిన మన ఎఱ్ఱ దుమ్మును దులిపింపుడు. టైమింగు సరిచేసిన బండి ఘాటు ఎక్కునప్పుడు చప్పుడు చేయకుండుట వినిపింపుడు. కోల్పోయిన శక్తి చాలవరకు ఆ నాలుగు పనులలోనే తిరిగి దొరకును. రవ్వ చిన్నదే. అది తగిన వేళకు పుట్టినచో ఇంటిల్లిపాదిని ఘాటు దాటించును. వేళ తప్పినచో త్రోవ నడుమనే నిలుపును.