ఆటగాళ్ళ గాయాలు మాన్పే చదువు: డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

హవల్లీ నుంచి మాట్లాడుతున్నాను. నేను పనిచేసేది కంప్యూటర్ రంగంలో. వైద్యుణ్ణి కాను, క్రీడాకారుణ్ణి అసలే కాను. మరి ఆటల చదువు గురించి ఈయన మాట్లాడటమేమిటి అని మీకు అనిపించవచ్చు. కారణం మా బిల్డింగ్‌లోనే ఉంది.

మా పైఅంతస్తులో రాజంపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. ఆయన ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. వాళ్ళ అమ్మాయి ఇక్కడి ఇండియన్ స్కూల్లో ప్లస్ టూ చదువుతోంది, బాస్కెట్‌బాల్ బాగా ఆడేది. ఒక మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ తరువాత నెలల తరబడి ఒక ఫిజియోథెరపిస్టు ఆ అమ్మాయిని మెల్లమెల్లగా నడిపించి, పరుగెత్తించి, మళ్ళీ కోర్టులోకి పంపించారు. అప్పటి నుంచి ఆ పిల్ల ఒకటే మాట, "నేను కూడా ఆ పనే చేస్తాను" అని.

ఒక శుక్రవారం ఆయన మా ఇంటికి వచ్చి, "తమ్ముడూ, పాపకు అమెరికాలో అథ్లెటిక్ స్కాలర్‌షిప్ వస్తాదంట, చదువంతా ఫ్రీ అంట. ముందు నూటయాభై దినార్లు కట్టమంటున్నారు. కట్టేదా వద్దా?" అని అడిగారు. "ఆగన్నా, రెండు రోజులు టైమివ్వండి, చూసి చెబుతాను" అన్నాను. ఆ రెండు రోజులు కాస్తా రెండు నెలలైంది. అలా తెలుసుకున్నదే ఈ రోజు మీతో పంచుకుంటున్నాను.

మొట్టమొదట ఒక చిక్కుముడి విప్పాలి. "అథ్లెటిక్ స్కాలర్‌షిప్" వేరు, "అథ్లెటిక్ ట్రైనింగ్ స్కాలర్‌షిప్" వేరు. మొదటిది ఆడేవాళ్ళకు. అమెరికాలో ఎన్‌సీఏఏ కింద ఆడే కాలేజీ జట్లు తమ ఆటగాళ్ళకు ఇచ్చేది అదే. రెండవది ఆ ఆటగాళ్ళకు దెబ్బ తగలకుండా చూసి, తగిలితే మైదానంలోనే ప్రథమ చికిత్స చేసి, తిరిగి ఆడే స్థితికి తెచ్చే చదువు చదివేవాళ్ళకు. పేరులో ట్రైనింగ్ అని ఉన్నా అథ్లెటిక్ ట్రైనర్ అంటే కోచ్ కాదు, జిమ్‌లో బరువులు ఎత్తించే ట్రైనరూ కాదు. 1990లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్య అనుబంధ వృత్తిగా గుర్తించింది. కాబట్టి మా పైఅంతస్తు అమ్మాయికి చెబుతున్న స్కాలర్‌షిప్ ఆమె కోరిన చదువుకు సంబంధించినదే కాదు. లిగమెంట్ ఆపరేషనైన పిల్లను ఏ కాలేజీ జట్టు డబ్బిచ్చి తీసుకుంటుందో అది చెప్పేవాళ్ళే చెప్పాలి!

ఈ పని విలువ మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. పుల్లెల గోపీచంద్ 1990లలో మోకాలి గాయంతో బాధపడి, తిరిగి లేచి 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తరువాత మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. పతకం ఒకరి మెడలో పడుతుంది, దాని వెనుక ఎన్నో చేతులుంటాయి. ఇక్కడ హవల్లీలో ఖాద్సియా క్లబ్ స్టేడియంలో మ్యాచ్ జరిగేటప్పుడు గమనించండి. ఎవరైనా కింద పడగానే సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు ఉంటారే, అలాంటి పని ఇది.

ఇక అసలు విషయానికి వద్దాం. అమెరికాలో ఈ చదువు ఇప్పుడు మాస్టర్స్ స్థాయిలోనే ఉంది. గుర్తింపునిచ్చే సంస్థ పేరు సీఏఏటీఈ. 2022 ఫాల్ తరువాత బ్యాచిలర్స్ స్థాయిలో కొత్త విద్యార్థులను చేర్చుకోకూడదని అది నియమం పెట్టింది. సీఏఏటీఈ గుర్తింపు ఉన్న కోర్సు చదివితేనే బీఓసీ అనే సర్టిఫికేషన్ పరీక్షకు కూర్చోనిస్తారు. కాబట్టి ప్లస్ టూ అయిన పిల్లను "నేరుగా అథ్లెటిక్ ట్రైనింగ్‌కి పంపిస్తాం" అని ఎవరైనా అంటే, మొత్తం ఎన్నేళ్ళు, చివరికి చేతికొచ్చే డిగ్రీ ఏమిటి, ఆ కోర్సుకు గుర్తింపు ఉందా, ఈ మూడూ అడగండి. స్కాలర్‌షిప్ సంగతి ఆ తరువాత.

డబ్బు దొరికే చోట్లు నాలుగు చెబుతాను.

ఒకటి, వృత్తి సంఘం. అమెరికాలో ఈ వృత్తివాళ్ళ జాతీయ సంఘాన్ని పొట్టిగా నాటా అంటారు. కంగారు పడకండి, మన తెలుగువాళ్ళ నాటా కాదు! ఇది 1950లో మొదలైన నేషనల్ అథ్లెటిక్ ట్రైనర్స్ అసోసియేషన్. దీని ఫౌండేషన్ ఏటా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. దీని కింద ఉండే జిల్లా సంఘాలూ, రాష్ట్ర సంఘాలూ విడిగా ఇస్తుంటాయి. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫౌండేషన్ దగ్గర దరఖాస్తు పెట్టాలంటే సంఘంలో సభ్యత్వం ఉండాలి, అంటే ఇది మామూలుగా కోర్సులో చేరాక అందే డబ్బు. రెండవది, ఒక్కో స్కాలర్‌షిప్‌తో పుస్తకాలూ పరీక్ష ఫీజులూ గట్టెక్కవచ్చు గానీ ఏడాది ట్యూషన్ గట్టెక్కదు.

రెండు, విశ్వవిద్యాలయం. ఫీజులో కొంత తగ్గించే వెయివర్లు, అసిస్టెంట్‌షిప్‌లు ఇక్కడ దొరుకుతాయి. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేసిన అన్నయ్యకు అసిస్టెంట్‌షిప్ వచ్చింది కదా, చెల్లికీ వస్తుందనుకుంటాం. ఈ రంగంలో కాలేజీ జట్టుతో పనిచేస్తూ చదివే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఉద్యోగం సాధారణంగా అప్పటికే సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళది. మొదటిసారి ఈ చదువులో చేరేవాళ్ళకు ఆ సర్టిఫికెట్ ఉండదు. వాళ్ళు వేరే విభాగంలో, అంటే లైబ్రరీలోనో, హాస్టల్‌లోనో, కంప్యూటర్ ల్యాబ్‌లోనో పని వెతుక్కోవాలి. ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. పైగా ఈ కోర్సులో కనీసం నాలుగు వారాలు ఏకధాటిగా ఫుల్‌టైమ్ క్లినికల్ పని ఉంటుంది. ఆ వారాల్లో పార్ట్‌టైమ్ సంపాదన మీద ఆశ పెట్టుకోకూడదు.

మూడు, ప్రభుత్వ సహాయం. అమెరికా ఫెడరల్ సహాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు ఉంటుంది. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు, ఇంకా కొన్ని వర్గాలకు. ఎఫ్-1 మీద వెళ్ళే మన పిల్లలకు వర్తించదు. అమెరికాలో స్థిరపడిన శ్రోతలకు ఒక మాట. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్ళకు గ్రాడ్ ప్లస్ రుణాలు ఉండవు. మామూలు గ్రాడ్యుయేట్ విద్యార్థి ఫెడరల్ రుణానికి ఏడాదికి 20,500 డాలర్ల పరిమితి ఉంది. పాత లెక్కలు పట్టుకుని కూర్చోకండి.

మన దేశం వైపు చూస్తే, భారత విదేశాంగ శాఖ ప్రవాసుల పిల్లల కోసం 2006-07లో ఎస్‌పీడీసీ అనే స్కాలర్‌షిప్ పథకం పెట్టింది. భారతదేశంలో డిగ్రీ చదివేవాళ్ళకు ఏడాదికి గరిష్ఠంగా 4,000 డాలర్లు, అంటే సుమారు 1,200 దినార్లు. తరువాతి కాలంలో కువైట్ వంటి ఈసీఆర్ దేశాల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు కొన్ని స్కాలర్‌షిప్‌లు కేటాయించారు. వయసు, కుటుంబ ఆదాయం, కాలేజీ గుర్తింపు, వీటన్నిటికీ షరతులున్నాయి. దయ్యాలోని ఎంబసీకి వెళ్ళినప్పుడు ఈ ఏడాది ప్రకటన అడగండి. అడగడానికి రుసుము లేదు.

తెలంగాణ శ్రోతలకు విదేశీ విద్యానిధి పథకాలు తెలిసే ఉంటాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశాల్లో పీజీ కోసం 20 లక్షల వరకు ఇచ్చేవి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఏయే సబ్జెక్టులకు ఇస్తారో జాబితా ఉంటుంది కాబట్టి, అడ్మిషన్ తీసుకున్నాక కాకుండా ముందే మన కోర్సు పేరు చెప్పి అడగండి.

నాలుగు, బ్యాంకు రుణం. ఇది సహాయం కాదు, అప్పు. కానీ వడ్డీ, గ్యారంటీ విషయంలో తేడాలు చాలా ఉంటాయి. భారతదేశంలో మంచి ర్యాంకులున్న సంస్థల్లో చదివేవాళ్ళకు 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకం వచ్చింది. అందులో ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వమే 75 శాతం గ్యారంటీ ఉంటుంది. ఇది విదేశీ చదువుకు కాదు.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెబుతాను. నేను ఎంఎస్‌కి వెళ్ళినప్పుడు ఫీజు వెయివర్ సంగతి అక్కడ దిగాక చూసుకోవచ్చులే అనుకున్నాను. దిగాక తెలిసింది, గడువు నేను విమానం ఎక్కకముందే దాటిపోయిందని. తప్పు నాదే. ఆ సెమిస్టర్ ఫీజు కోసం మా నాన్న ఎకరం పొలం తాకట్టు పెట్టారు. దాన్ని విడిపించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అందుకే స్కాలర్‌షిప్ మాట ఎవరెత్తినా నేను ముందు అడిగేది ఎంతిస్తారని కాదు, ఎప్పటిలోగా అడగాలని.

అదే పద్ధతిలో పైఅంతస్తు అన్నతో కూర్చుని ఒక కాగితం మీద మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో చేతికి వచ్చినట్టు ఉత్తరం ఉన్న డబ్బు. రెండో గడిలో దరఖాస్తు పెట్టదగిన డబ్బు. మూడో గడిలో ఎవరో వస్తుందన్న డబ్బు. ఖర్చులోంచి మొదటి గడి మాత్రమే తీసివేయాలి. ఐ-20 పత్రం కోసం మొదటి ఏడాది ఖర్చుకు ఆధారం చూపమంటారు, అక్కడ కూడా చెల్లేది మొదటి గడే. మా కాగితంలో మూడో గడి నిండుగా ఉంది, మొదటిది ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. పక్కనే ఉన్న పాప, "అంటే నేను వద్దనుకోవాలా అంకుల్?" అంది. గుండె చివుక్కుమంది.

వద్దనుకోనక్కర్లేదు, దారి మార్చుకోవాలి అంతే. భారతదేశంలో ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ, నాలుగున్నర నుంచి ఐదేళ్ళు. తరువాత స్పోర్ట్స్ ఫిజియోలో ఎంపీటీ రెండేళ్ళు. లేదా అప్పుడు అమెరికా మాస్టర్స్‌కి వెళ్ళవచ్చు. అక్కడ చేరాలంటే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, అనాటమీ, ఫిజియాలజీ కాలేజీ స్థాయిలో చదివి ఉండాలి. బీపీటీలో అనాటమీ, ఫిజియాలజీ ఎలాగూ ఉంటాయి. మిగతావాటిలో ఏది తక్కువైందో ముందే చూసుకుని, ప్రతి సబ్జెక్టు సిలబస్ కాగితం దాచుకోవాలి. ఒక జాగ్రత్త. మన రాష్ట్రాల్లో "లోకల్" లెక్క చాలావరకు పిల్లలు ఎక్కడ చదివారన్నదాని మీద ఉంటుంది. కువైట్‌లో చదివిన పిల్లకు ఏ కోటా, ఏ ఫీజు వర్తిస్తుందో కాలేజీలో రాతపూర్వకంగా తీసుకోండి.

నూటయాభై దినార్లు ఆయన కట్టలేదు. పాప బీపీటీ కాలేజీల జాబితా తయారు చేసుకుంటోంది. ఎంబసీలో అడగాల్సిన ప్రశ్నలు తనే రాసుకుంది. మొదటి గడి ఇంకా నిండలేదు, కానీ ఇప్పుడు ఆ ఇంట్లో ఏ గడి ఏదో అందరికీ తెలుసు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, ఆటలకు సంబంధించిన చదువంటే ఆడటమొక్కటే కాదని చెప్పండి. డబ్బు కట్టేముందు స్కాలర్‌షిప్ పూర్తి పేరు, ఇచ్చేదెవరు, గడువెప్పుడు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మీరు డబ్బు తీయడానికి వెనకాడండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.