విషపు పగడాన్ని అరిగించుకునే నత్త

కరీబియన్ సముద్రంలో విసనకర్రల్లా, చెట్టు కొమ్మల్లా నీటిలో ఊగే మెత్తని పగడాలు ఉంటాయి. వీటిని గోర్గోనియన్లు అంటారు. పట్టుకున్న చోటు వదిలి ఇవి పారిపోలేవు. అయినా చాలా చేపలు వీటి జోలికి రావు. కారణం వీటి ఒంట్లోని రసాయనాలే. ఉదాహరణకు, ప్లెక్సారా హోమోమల్లా అనే జాతిలో ప్రోస్టాగ్లాండిన్ ఎ2 పుష్కలంగా ఉంటుంది. అది కడుపులోకి వెళ్తే చేప వాంతి చేసుకుంటుంది. ఆ తర్వాత అలాంటి ఆహారాన్ని ముట్టడం మానేస్తుంది.

కానీ ఫ్లెమింగో టంగ్ అనే చిన్న నత్తకు ఈ పగడాలే తిండి. అది ఉండేదీ, మేసేదీ, గుడ్లు పెట్టేదీ వాటి మీదే. మరి విషం దాన్ని ఏమీ చేయదా?

రెండు రకాల ఎంజైములు

అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు ఈ నత్త జీర్ణగ్రంథిని పరిశీలించారు. మనకు కాలేయం చేసే పనుల్లో కొన్నింటిని నత్తకు ఈ గ్రంథి చేస్తుంది. అందులో రెండు రకాల ఎంజైములు ముఖ్యమని తేలింది.

మొదటిది గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్. ఇది విషపు అణువుకు గ్లూటాథయోన్ అనే చిన్న అణువును తగిలిస్తుంది. దాంతో విషం నీటిలో సులువుగా కరిగి బయటికి పోతుంది. నత్త ఏ పగడాన్ని తిన్నా ఈ ఎంజైము ఎక్కువ మోతాదులోనే ఉంటుంది. అంటే ఇది ఎప్పుడూ సిద్ధంగా ఉండే కాపలా.

రెండోది సైటోక్రోమ్ పి450 కుటుంబం. ఇవి విషపు అణువుకు ఆక్సిజన్ చేర్చి దాని స్వభావాన్ని మారుస్తాయి. ప్లెక్సారా హోమోమల్లాను తిన్న నత్తల్లో ఈ కుటుంబానికి చెందిన కొన్ని జన్యువుల పని పెరిగినట్టు 2010లో వెలువడిన అధ్యయనం చూపింది. ఇది అవసరాన్ని బట్టి రంగంలోకి దిగే దళం.

అయితే పగడమూ ఊరుకోలేదు. దానిలోని కొన్ని రసాయనాలు ఆ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైము పనికే అడ్డుపడతాయి.

పొలం దాకా అదే కథ

ఈ ఎంజైములు నత్తకే సొంతం కావు. మనం పారాసెటమాల్ వేసుకున్నప్పుడు పి450 ఎంజైముల వల్ల కొంత హానికరమైన పదార్థం తయారవుతుంది. దాన్ని విరిచేది గ్లూటాథయోనే. మోతాదు మితిమీరితే ఆ నిల్వ తరిగిపోయి కాలేయం దెబ్బతింటుంది.

పత్తి, కంది రైతులను వేధించే శనగపచ్చ పురుగు కొన్ని మందులకు లొంగకపోవడంలోనూ పి450 ఎంజైముల పాత్ర ఉంది. ఒకే మందును మళ్లీ మళ్లీ చల్లితే, దాన్ని విరిచేయగల పురుగులే మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. మందు మార్చి వాడమని నిపుణులు చెప్పేది అందుకే.