ఉఱుముమేఘపు మూఁడంతస్తులు



మెఱుపు, ఉఱుము, పిడుగు మనమందఱము ఎఱిఁగినవే. అయినను వానికి మూలమైన విద్యుత్తు మేఘములో ఏయే తావుల నిలిచియుండునో తెలిసికొనుటకు పండితులు చాలకాలము వాదులాడవలసివచ్చెను. ఆ సంగతినే నేఁడు మనవి చేసెదను.

విద్యుత్తు ధనమనియు, ఋణమనియు రెండు తెఱఁగులు. (ఈ ఋణమును ఏ సాహుకారును వసూలు చేయఁడు.) ఒకే జాతివి ఒండొంటిని త్రోసికొనును, వేఱుజాతివి ఆకర్షించుకొనును.

కేంబ్రిడ్జిలో విల్సనుగారు, మెఱుపు మెఱసినప్పుడెల్ల నేలమీఁది విద్యుద్బలము ఎట్లు మాఱునో కొలిచి, మేఘమునకుఁ బైభాగమున ధనము, క్రింద ఋణము ఉండునని 1920 నాటికి నిశ్చయించిరి. సిమ్లాలో వాతావరణశాఖయందున్న సింప్సనుగారు వానచినుకులను పట్టి పరీక్షించి 1909లో ఫలితములను ప్రకటించిరి. వానిలో ధనవిద్యుత్తే హెచ్చుగాఁ గానవచ్చెను. కావున అడుగుభాగము ధనమని వారి పట్టు. ఇద్దఱి కొలతలును నిజములే. 1937లో సింప్సనుగారే, స్క్రేజుగారితోఁ గూడి, ఇంగ్లండులోని క్యూనుండి బెలూనులకు చిన్న యంత్రములు కట్టి మేఘములలోనికిఁ బంపిన ఫలితమును వెల్లడించిరి. అందలి మందుపూసిన కాగితముపైఁ బడిన మచ్చయే విద్యుత్తు ఏ జాతిదో తెలిపెను. చూడఁగా మేఘము మూఁడంతస్తుల మేడ: పైన ధనము, నడుమ ఋణము, అడుగున అచ్చటచ్చట కొలఁది ధనము. తన పాతపట్టును సడలింపవలసిన సాక్ష్యమును తానే తెచ్చి ప్రకటించిన ఆయన సత్యసంధత నాకు మిగుల నచ్చినది.

మన ఉష్ణదేశములలో ఈ మేడ మిక్కిలి యెత్తైనది. శిఖరము 15 కిలోమీటరులను మించుటయుఁ గలదు. నేల నిప్పులు చెరుగు వేసవిలోను సుమారు 5 కిలోమీటరుల పైన నీరు గడ్డకట్టు చలి. బడిలో ఈమాట చెప్పినప్పుడు పిల్లలు నవ్వెడివారు. వడగండ్లు ఎక్కడివని అడిగిన ఊరకుండెడివారు. ఆ చలిలో మెత్తని మంచుగుళికలు సన్నని మంచుపలుకులతో ఒరసికొనును. దువ్వెన తలవెండ్రుకలను ఒరసి విద్యుత్తును పొందునట్లే, ఇక్కడ గుళికలు ఋణమును, పలుకులు ధనమును గ్రహించును. తేలికయైన పలుకులను గాలి పైకెగఁజిమ్మును. బరువైన గుళికలు దిగువనే యుండును. ఋణపుటంతస్తు తఱుచు సున్నకు దిగువ 10, 20 డిగ్రీల నడుమ చలిలో, అనఁగా మన దేశమున సుమారు 7 కిలోమీటరుల యెత్తున నిలుచును. అంతకంటె వెచ్చని తావున గుళికలే ధనమును పొందును. అడుగునఁ గల ధనమునకు ఇది ముఖ్యకారణమని నేఁటి పండితుల యభిప్రాయము.

దీని బలమును కొలుచుటకు ఉదకమండలములోని టాటా సంస్థవారి పరిశోధనశాలలో చక్కని యుపాయము దొరకినది. అంతరిక్షకిరణములు గాలిని తాఁకఁగాఁ బుట్టు మ్యూయానులను సూక్ష్మకణములు రేయింబవళ్లు మనమీఁదఁ గురియుచునే యుండును. అవియు విద్యుత్తు గలవే గావున, ఉఱుముమేఘమును దాఁటినప్పుడు నేలను జేరువాని లెక్క మాఱును. 2014 డిసెంబరు 1వ తేదీని ఒక మేఘమున అట్లు తగ్గిన లెక్కనుబట్టి 130 కోట్ల వోల్టులు కలవని గణించి 2019లో ప్రకటించిరి. మన యిండ్ల దీపములకు వచ్చునది 230.

ఇంతటి మేడనుండి పిడుగు తిన్నగా క్రిందికే దిగవలెనను నియమము లేదు. పైయంతస్తుల ప్రక్కనుండి వెడలి, వానలేని చోట, తలపై తెరపియున్న చోట, 10 కిలోమీటరులకు మించిన దూరమునను పడుట కలదు. వాన వెలిసినదిగదా యని వెంటనే చేలకు మరలువారును, చినుకులు లేవుగదా యని తాటిచెట్టు క్రింద నిలుచువారును దీనికే గుఱియగుచున్నారు. ఉఱుము చెవినిఁ బడుచున్నంతవఱకు మనము ఆ మేఘపు చేతికందు చోటనే యున్నాము. చివరి యుఱుము వినఁబడిన పిదప అరగంట దాఁక గట్టి యింటిలోనే యుండవలెను. పశువులనైనను ఒంటిచెట్టునకుఁ గట్టరాదు.