ఇళ్లు చాలని నగరం

1941లో హైదరాబాద్ జనాభా ఏడు లక్షల పైచిలుకు. 1951 నాటికి పది లక్షలు దాటింది. రెండో ప్రపంచ యుద్ధం, హైదరాబాద్ సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన 1948 నాటి పోలీసు చర్య ఈ పదేళ్లలోనివే. యుద్ధకాలంలో సిమెంటు, ఇనుము ప్రభుత్వ కంట్రోలులో ఉండడంతో ఇళ్ల నిర్మాణం మందగించింది. జిల్లాల్లోని అలజడికి ఊళ్లు విడిచినవారు, బతుకుతెరువు కోసం బయల్దేరినవారు మాత్రం నగరానికి చేరుతూనే ఉన్నారు.

ఇళ్లు చాలని చోట జబ్బులు త్వరగా పాకుతాయి. కిటికీ లేని గదిలో నలుగురు పడుకుంటే, ఒకరి దగ్గుతో వెలువడిన క్షయ క్రిములు ఆ గాలిలోనే చాలాసేపు నిలుస్తాయి. మరుగుదొడ్డి మురుగు మంచినీటిలో కలిస్తే కలరా, టైఫాయిడ్ వస్తాయి. నిలవ నీటిలో దోమలు పెరుగుతాయి. మలేరియాను మోసేది దోమేనని వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే.

ఇళ్లకూ ఆరోగ్యానికీ ఉన్న ఈ ముడి నగరానికి కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలిగొంది. 1911లో ప్లేగు వచ్చింది. మట్టిగోడల కన్నాల్లో చేరే ఎలుకలు, వాటి మీది గోమార్లు ఆ వ్యాధిని ఇంటింటికీ మోస్తాయి. ఈ రెండు దెబ్బల తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును స్థాపించింది. ఇరుకు బస్తీలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టి అద్దెకివ్వడం దాని పనులు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాక వరద భయం తగ్గింది, తాగునీరూ అందింది.

1956లో హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక ఉద్యోగుల రాకతో ఇళ్ల కొరత మళ్లీ ముదిరింది. 1960లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హౌసింగ్ బోర్డులో కలిసింది. విజయనగర్ కాలనీ, సంజీవరెడ్డి నగర్ హౌసింగ్ బోర్డు కాలనీలుగా వెలిశాయి.

సినీ పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చాక నగరం పడమటి వైపుకూ ఇళ్ల ఒత్తిడి పాకింది. శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్ పరిశ్రమలో స్థిరపడినవారి చిరునామాలయ్యాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ సహాయకులు పక్కనే ఉన్న కృష్ణానగర్‌లో అద్దె గదులు పంచుకున్నారు. పల్లపు ప్రాంతం కావడంతో గట్టి వానకు అక్కడి వీధులు మునుగుతాయి. సినీ కార్మికుల సొంతింటి కోసం మణికొండ దగ్గర చిత్రపురి కాలనీ వెలిసింది.

గది విశాలమైనా నాలా పొంగితే ఆరోగ్యం దక్కదు. నీటి కొళాయి ఉన్నా కిటికీ లేకపోతే క్షయ ఆగదు. అందుకే ఇల్లు, నీరు, మురుగుకాలువ మూడూ ఒకే పథకంలో ఉండాలి.