శరదృతువు: మేలు మరవని తెలుగిళ్ళు

ఆశ్వయుజ, కార్తిక మాసాలు రెండూ కలిసి శరదృతువు. దానికి ముందు వచ్చే భాద్రపద బహుళ పక్షాన్ని కూడా కలుపుకొంటే మహాలయ పక్షం మొదలుకొని కార్తిక వనభోజనాల దాకా రెండున్నర నెలల కాలం అవుతుంది. తెలుగువారి ఇళ్ళలో గతించిన పెద్దలను, చదువు చెప్పినవారిని, తోబుట్టువులను, కూడు పెట్టే పనిముట్టును వరసగా తలచుకొనేది ఈ కాలంలోనే. ఆ తలపు ఏయే రూపాల్లో కనిపిస్తుందో, కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలలో దాని తీరు ఎలా ఉందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మాట లేదా? మనసు లేదా?

ఇంట్లో తెలుగు విని నేర్చుకొని, బడిలో వేరే భాష చదివిన విద్యార్థికి ఒక సందేహం తప్పక కలుగుతుంది. తమిళంలో ‘నన్రి’ ఉంది, కన్నడ, మరాఠీలలో ‘ధన్యవాద’ ఉంది. మరి మన ఇంట్లో ఆ అర్థంలో వాడే మాట ఏది? ‘ధన్యవాదాలు’, ‘కృతజ్ఞతలు’ తెలుగులోనూ ఉన్నాయి. కాని అవి సభల్లో, ఉత్తరాల్లో, పుస్తకాల్లో వినబడే మాటలు. అన్నం వడ్డించిన అమ్మతో కొడుకు ‘ధన్యవాదాలు’ అంటే ఆవిడ వాడికి ఒంట్లో బాగుందా అని చూస్తుంది. ఇంట్లోవారికి అలా చెప్పడం వారిని పరాయివారిని చేయడమే అని మన పెద్దల భావన.

అంతమాత్రాన మేలు గుర్తించని జాతి అనుకోకూడదు. మేలు మరిచినవాణ్ణి తిట్టడానికి మన భాషలో ఉన్నన్ని సామెతలు చూడండి. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’, ‘ఏరు దాటి తెప్ప తగలేయడం’, ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ – అన్నీ కృతఘ్నుడి మీద చెప్పినవే. ఇక మేలు పొందినవాడు ఎదుటివారికి చెప్పే మాట కృతజ్ఞత పేరు ఎత్తదు, దీవెనగానే వస్తుంది. ‘నీ కడుపు చల్లగా’, ‘పుణ్యం కట్టుకున్నావు’, ‘నాలుగు కాలాలపాటు చల్లగా ఉండు నాయనా’ అంటారు. సంస్కృతంలో ‘కృతజ్ఞత’ అంటే చేసినదానిని ఎరిగి ఉండటం. ఎరిగి ఉన్నానని నోటితో చెప్పడం కంటె చేతలో చూపడం మన ఇళ్ళ పద్ధతి. ఆ చేతలు ఎక్కువగా శరత్తులో కనిపిస్తాయి.

పెద్దలకు బియ్యం

భాద్రపద అమావాస్య మహాలయ అమావాస్య. తెలంగాణలో దీన్ని పెత్రమాస అంటారు. ‘పితృ అమావాస్య’ అన్న మాటే నోట నలిగి ఇలా మారింది. ఆ రోజు గతించిన తల్లిదండ్రుల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. దీనినే ‘పెద్దలకు బియ్యమివ్వడం’ అంటారు. శాస్త్రోక్తంగా తర్పణం విడిచేవారు కొందరే గాని, ఈ బియ్యమిచ్చే ఆచారం అనేక కులాలలో ఉంది. కోస్తాలో చాలా కుటుంబాలు పెద్దలకు బట్టలు పెట్టే పనిని సంక్రాంతినాడు చేస్తాయి. మీ ఇంట్లో ఏ రోజున చేస్తారన్నది మీ పూర్వులు ఏ సీమ నుంచి వచ్చారో చెప్పే గుర్తులలో ఒకటి కావచ్చు.

ఇక్కడ పంచాంగం సంగతి ఒకటి తెలుసుకోవాలి. తెలుగు, కన్నడ, మరాఠీ పంచాంగాలలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజికలో చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. అందువల్ల బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఉన్న తెలుగు ఇంట్లో అమ్మ ‘భాద్రపద బహుళం’ అన్న రోజులను పొరుగింటివారు ‘ఆశ్విన కృష్ణపక్షం’ అంటారు. రోజు ఒకటే, నెల పేరు వేరు. తమిళనాడులో సౌరమానం కాబట్టి అదే అమావాస్య పురట్టాసి నెలలో పడుతుంది. పిల్లలు ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారనుకొంటారు. ఇద్దరూ చెప్పేది సరైనదే.

పెద్దలను తలచుకోవడం దీపావళినాడు మరోసారి జరుగుతుంది. గోదావరి జిల్లాలలో, ఉత్తరాంధ్రలో ఆ సాయంత్రం పిల్లలచేత గోగుకర్రలకు నూనె గుడ్డలు కట్టించి, వెలిగించి, వీధిలో నేలకు కొట్టిస్తారు. తరువాత కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి తీపి తింటారు. ఇది పితృదేవతలకు వెలుగు చూపడమని పెద్దలు చెబుతారు. ఒడిశాలో అదే సాయంత్రం నార తీసిన పుల్లలు వెలిగించి ‘బడబడుఆ’ అంటూ పూర్వులను పిలుస్తారు. బరంపురం తెలుగు పిల్లవాడికి ఈ రెండూ ఒకే వీధిలో కనిపిస్తాయి.

పనిముట్టుకు విశ్రాంతి

మహానవమినాడు ఆయుధపూజ. విజయనగరంలో మహానవమి ఉత్సవం ఎంత వైభవంగా జరిగేదో 16వ శతాబ్ది తొలిభాగంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ రాశాడు. ఆ రాజ్యం తరువాత 1610లో శ్రీరంగపట్నంలో ఒడయరులు దసరా ఉత్సవాన్ని ఆరంభించారు. మధుర, తంజావూరు నాయకరాజుల కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు తమిళదేశంలో స్థిరపడ్డాయి. రాజులకు ఇది కత్తికి, గుర్రానికి, ఏనుగుకు చేసే పూజ. సామాన్యుడికి నాగలికి, ఉలికి, మగ్గానికి చేసే పూజ. ఈనాడు షోలాపూరు, భివండిలలో మరమగ్గానికి, బెంగళూరులో ఆటోకు, కోయంబత్తూరులో లేతు యంత్రానికి బొట్టు పెడుతున్నారు. వంటింట్లో కత్తిపీటకు, రోలుకు బొట్టు పెట్టే ఇళ్ళూ ఉన్నాయి.

పూజ చేసిన పనిముట్టును ఆ రోజు వాడరు. దశమినాడు మళ్ళీ చేతికి తీసుకొంటారు. ఏడాదంతా మన కోసం అరిగినదానికి ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వడమే ఇందులోని కృతజ్ఞత. తమిళనాడులో పుస్తకాలు కూడా నవమినాడే పూజలో పెట్టి దశమినాడు తీస్తారు. ఆంధ్రలో సరస్వతీపూజ మూలా నక్షత్రంనాడు చేస్తారు. ఒడిశాలో సరస్వతీపూజ మాఘంలో శ్రీపంచమికి, పనిముట్ల పూజ సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు జరుగుతాయి.

ఆ రోజు పంచే ప్రసాదానికి కోస్తాలో ‘మరమరాలు’ అని పేరు. రాయలసీమలోను, తమిళనాడు తెలుగువారిలో చాలామందికీ అవి ‘బొరుగులు’. పక్కింటి తమిళులు ‘పొరి’ అంటారు. కొలువు పేరంటంలో పంచే శనగల గుగ్గిళ్ళను తమిళనాడులోని తెలుగు ఇళ్ళు ‘సుండల్’ అనడం ఈనాడు మామూలైపోయింది. అది తప్పేమీ కాదు. అయితే గుగ్గిళ్ళు అన్న మాట ఒకటి ఉన్నదని తెలిసి సుండల్ అనడం వేరు, తెలియక అనడం వేరు.

గురువు మేలు తీర్చే పద్ధతి కూడా దసరాకు ఉండేది. వీధిబడి పంతులు పిల్లలను వెంటబెట్టుకొని, చేతుల్లో పూలు పెట్టిన విల్లంబులతో, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ వెళ్ళేవాడు. పంతులుకు రొక్కం, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. నెలజీతం లేని పంతులుకు ఆ ‘దసరా మామూలు’ ఏడాది కష్టానికి ఊరు చెప్పిన మాట. బడులకు జీతాలు వచ్చాక ఆ ఆచారం సన్నగిల్లింది. మామూలు అన్న మాట మాత్రం అర్థం చెడి నిలిచింది.

ఇచ్చినవారే దండం పెడతారు

ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. గోదావరి జిల్లాలలోను, వాటి మధ్యనే ఉన్న యానాంలోను ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, సాయంత్రం చంద్రుణ్ణి చూసి ముత్తయిదువులకు అట్లు వాయనమిస్తారు. ఒడిశాలో దీనికి మూడు రోజుల ముందు పున్నమినాడు కుమార పూర్ణిమ వస్తుంది. అక్కడా ఆడపిల్లలు చంద్రుణ్ణి పూజిస్తారు, ఆడుకొంటారు.

వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చే ఆవిడ ‘ఇస్తినమ్మ వాయనం’ అంటుంది. పుచ్చుకొనే ఆవిడ ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అంటుంది. తెలంగాణలో బతుకమ్మను సాగనంపిన తరువాత స్త్రీలు పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడూ ఈ మాటే అనుకొంటారు. ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, పుచ్చుకొన్న ఆవిడ కృతజ్ఞత చెప్పదు, అందిందని మాత్రమే చెబుతుంది. ఆవిడను గౌరీదేవిగా భావించి, ఇచ్చిన ఆవిడే కాళ్ళకు దండం పెడుతుంది. పుచ్చుకోవడానికి మనిషి దొరకడమే ఇచ్చేవారి భాగ్యమన్నమాట. రెండవది, ‘ఇస్తిని’, ‘పుచ్చుకుంటిని’ అన్న క్రియారూపాలు. ఈనాటి పత్రికల భాషలో ‘ఇచ్చాను’, ‘పుచ్చుకున్నాను’ అంటారు. రాయలసీమలో, తమిళనాడు, కర్ణాటక తెలుగువారి మాటలో ‘వస్తిని’, ‘పోతిని’ ఇప్పటికీ ఉన్నాయి. మీ అవ్వ అలా మాట్లాడితే అది చెడిన తెలుగు కాదు. వాయనం మాటలో భద్రంగా ఉన్న పాత తెలుగే ఆమె నోట ఉంది.

విజయదశమినాటి జమ్మి కూడా ఇలాంటిదే. సంస్కృతంలో శమి, తెలుగులో జమ్మి, కన్నడంలో బన్ని, తమిళంలో వన్ని. తెలంగాణలో జమ్మి ఆకును ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతారు. ఉత్తర కర్ణాటకలో బన్ని పత్రిని, మహారాష్ట్రలో ఆప్టా ఆకును అలాగే బంగారమని ఇచ్చుకొంటారు. చిన్నవాడు ఇచ్చేది ఆకు, పెద్దవారు తిరిగి ఇచ్చేది దీవెన. ఏడాదిలో ఏ మనస్పర్థ వచ్చినా ఆ రోజు బంగారం పట్టుకొని గడప తొక్కినవాణ్ణి పొమ్మనరు. తోబుట్టువులకు కార్తిక శుద్ధ విదియ ఉంది. ఆనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంట భోజనం చేయడం భగినీహస్త భోజనం. మహారాష్ట్రలో ఇదే భావుబీజ్.

పంట ఇంటికి రాకముందే

ఇవన్నీ శరత్తులోనే ఎందుకు? పంట చేతికి వచ్చిన సంతోషం అని చెప్పడం తేలిక. కాని కోస్తా డెల్టాలలో శరత్తునాటికి వరి ఇంకా చేలోనే ఉంటుంది. పంట ఇంటికి వచ్చాక చేసే పండుగ సంక్రాంతి. పైగా తూర్పుతీరాన తుపానుల కాలం ఇదే. 1996 నవంబరు 6న, దీపావళికి కొద్ది రోజుల ముందు, కాకినాడ సమీపంలో తీరం దాటిన తుపాను గోదావరి జిల్లాలను, యానాంను దెబ్బతీసింది. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెనుతుపాను ముంచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నంపై విరుచుకుపడింది. తమిళనాడులోనైతే ఐప్పసి నెల వానల నెల. అక్కడి తెలుగువారికి ‘నిర్మలమైన శరత్తు’ పుస్తకంలోని మాటే.

కాబట్టి శరత్తులో మనం చెప్పుకొనేది పంట మేలు కాదు. పంట దక్కుతుందో లేదో తెలియని రోజుల్లో, ఇప్పటికే మన చేతిలో ఉన్నవాటి మేలు. కన్నవారు, తోడబుట్టినవారు, చేతిలో పనిముట్టు, పొయ్యి మీద ఎసరు – ఇవి ఏ ఏటి వానను బట్టీ వచ్చినవి కావు.

విద్యార్థులు చేయదగిన పని

ఈ ఆచారాలకు పుస్తకాలలో దొరికే వివరణ కొంతే. మిగిలినది ఇళ్ళలోని పెద్దవారి దగ్గర ఉంది. సరిహద్దులకు ఇవతల ఉన్న మన కుటుంబాలలో మాట పోయే క్రమం ఎప్పుడూ ఒకటే. మొదట చదవడం, తరువాత పండుగ మాటలు, చివర వంటింటి మాటలు పోతాయి. ఈ శరత్తులో మీ అవ్వనో, నానమ్మనో, అమ్మమ్మనో మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి. పెద్దలకు ఏ రోజున, ఏమి పెడతారు? వాయనమో తాంబూలమో ఇచ్చేటప్పుడు ఏ మాట అంటారు? మేలు చేసినవారిని ఏమని దీవిస్తారు? ఆమె అన్నది అన్నట్లే రాయండి, పుస్తకపు తెలుగులోకి దిద్దవద్దు. తమిళమో కన్నడమో కలిసి ఉంటే అలాగే ఉంచండి. ఊరు, తేదీ వేయండి.

అడగగానే ఆమె ‘ఇదంతా నీకెందుకురా’ అంటుంది. తరువాత గంటసేపు చెబుతుంది. ఆ గంట కూర్చొని వినడమే మనం ఆమెకు ఇచ్చే జమ్మి.